పదో కుర్చీ

వడ్రంగి చేసే కుర్చీల్లో ప్రతి పదోదీ దేవుడిది. ఈ నియమం అతను పెట్టుకున్నది కాదు. అతని భార్య పెట్టింది.

పెళ్లయిన ఏడాది వాళ్లకున్న ఆస్తి ఒక రంపం, ఒక చిత్రిక, రెండు ఉలులు, అరువు తెచ్చిన కొంత కలప. ఆదివారం మందిరంలో కానుక సంచి తమ వరస దగ్గరికి వచ్చేసరికి అతను ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకునేవాడు. మూడు వారాలు చూసింది ఆమె.

"సంచి వెళ్లిపోయింది, ఇక కళ్లు తెరువు," అంది.

ఇంటికొచ్చాక బైబిల్లోని యాకోబు సంగతి ఎత్తింది. రాయి తలకింద పెట్టుకుని ఆరుబయట పడుకున్ననాడు అతని చేతిలో ఒక కర్ర తప్ప మరేమీ లేదు. అయినా, నువ్విచ్చే ప్రతిదాంట్లో పదోవంతు నీకిస్తానని దేవుడికి మాటిచ్చాడు.

"ఆయనకి ఒక్క కర్రే. మనకి బోలెడున్నాయి," అంది.

అది జరిగి నలభై ఏళ్లు. పని గది వీధి వైపు ఉంటుంది. పూర్తయిన కుర్చీ ఆ గుమ్మం దాటి దుకాణానికి పోతుంది. గుమ్మం ఇరుకు. కుర్చీ కాలు ఎప్పుడూ ఒకసారి చెక్కకు తగులుతుంది. వంటింట్లో ఏ పనిలో ఉన్నా ఆ చప్పుడు విని ఆమె మనసులో లెక్క ఒకటి పెంచుకునేది. అతను గోడ మీద పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఇద్దరి లెక్కా ఏనాడూ తేడా రాలేదు.

పదోది ఎలా కుదిరిందన్న ప్రశ్నే లేదు. ఒకసారి దానికి ముడులున్న చెక్క పడింది. వీపు పలక మీద ఒక ముడి అచ్చం కన్నులా ఉండేది. మందిరంలో పిల్లలు ఆ కుర్చీ ఎక్కడానికి జంకేవాళ్లు. ఇంకోసారి తన చేతిలోంచి అంత నునుపైన పని వస్తుందని తనే అనుకోని కుర్చీ పదోదైంది. ఆ పూట అతనికి భోజనం సహించలేదు. కుర్చీ మాత్రం వెళ్లింది.

నిరుటి నుంచి ఆమెకు తుంటి నొప్పి. మందిరంలో అతను చేసిన కుర్చీలన్నీ పొట్టివి, చేతులు లేనివి. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె లేవలేకపోయింది. ఇద్దరు ఆడవాళ్లు చెరో చంక కింద చెయ్యి వేసి లేపారు.

"మూట ఎత్తినట్టు ఎత్తారు నన్ను," అంది ఇంటికొచ్చాక. మళ్లీ మందిరం వైపు వెళ్లలేదు.

వడ్రంగి ఆమెను మంచం అంచున కూర్చోబెట్టి, అరికాలి నుంచి మోకాలి దాకా కొలిచాడు. దాచిపెట్టుకున్న మంచి చెక్క బయటికి తీశాడు. దుకాణం పని పక్కన పెట్టి పదిహేను రోజులు చేశాడు. ఎత్తైన పీఠం, పట్టుకుని లేవడానికి వెడల్పాటి చేతులు, వీపుకు ఒదిగే వంపు. ఆమె కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"ఎలా ఉన్నాను? రాణీగారిలా ఉన్నానా?"

"రాణీగారికి ఇలాంటి కుర్చీ చేసేవాడేడీ," అన్నాడు.

ఆ సాయంత్రం గోడ ముందు నిలబడ్డాడు. కిందటి పదో కుర్చీ తర్వాత గోడ మీద తొమ్మిది గీతలున్నాయి. పెన్సిల్ చెవి మీదే ఉంది. తీయలేదు. ఇది గుమ్మం దాటి బయటికి పోలేదు కదా, లోపలికే కదా వెళ్లింది అని తనకు తాను చెప్పుకున్నాడు. తర్వాతి వారం మామూలు కుర్చీ ఒకటి చేసి, దానికి పదో గీత గీసి, మందిరంలో పెట్టి వచ్చాడు. ఆమె ఏమీ అడగలేదు. నొప్పి మాత్రల మత్తులో లెక్క వదిలేసి ఉంటుందనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పాస్టరుగారు ఆమెను చూడటానికి వచ్చారు. సంఘానికి కొత్తగా వచ్చినవారు, కొడుకు వయసువారు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా చిన్న పీట మీద కూర్చున్నారు.

"వచ్చే ఆదివారం దశమభాగం మీద చెప్పాలి పిన్నిగారూ. బట్టలకొట్టు ఆయన నన్ను ఊపిరి తిప్పుకోనివ్వట్లేదు. అది పొలాలూ మందలూ ఉన్నవాళ్లకిచ్చిన ధర్మశాస్త్రమట, మనకి కాదట."

"ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము ఇచ్చాడుగా? యుద్ధం గెలిచొస్తూ ఆ యాజకుడి చేతిలో పెట్టాడు. ఆయన్ని ఎవరడిగారు?"

"నేనూ అదే అన్నాను. ఒక్కసారి ఇచ్చాడు, నెలనెలా ఇచ్చాడా అంటాడు."

"గట్టివాడే. గజం గుడ్డకి గంట బేరమాడే మనిషి, దేవుడి దగ్గర ఊరుకుంటాడా?"

పాస్టరుగారు నవ్వారు. "అవునూ, మీరు పదోది ఎలా ఎంచుతారు? బాగున్నది చూసి ఇస్తారా?"

"ఎంచేదేముంది అయ్యగారూ. ఏది పదోదైతే అది."

"అయితే అచ్చం లేవీయకాండంలో ఉన్నట్టే!" ఆయన బైబిలు తెరిచి ఆ చోటు వెతికి, చదివి, తన మాటల్లో చెప్పారు. మంద ఒక్కొక్కటిగా కాపరి కోల కింద నుంచి నడిచిపోతుంది. పదోది దేవుడికి ప్రతిష్ఠితం. అది మంచిదా చెడ్డదా అని చూడకూడదు, మార్చకూడదు. "ఒకవేళ ఎవడైనా మార్చాడనుకోండి, అప్పుడు అదీ దేవుడిదే, దాని బదులు పెట్టిందీ దేవుడిదే. రెండూ పోతాయి. విడిపించుకోవడానికి లేదు."

పని గదిలో చిత్రిక చప్పుడు ఆగిపోయింది.

ఆమె అటు చూడలేదు. కుర్చీ చేతుల మీద నుంచి తన చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

పాస్టరుగారు వెళ్లాక భర్తను పిలిచింది. "పదోది ఇదేనా?"

"గుమ్మం దాటలేదుగా," అన్నాడు.

"గొర్రె గుమ్మం దాటకుండా వంటింట్లోకొస్తే గొర్రె కాకుండా పోతుందా?"

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వకపోవడం చూసి మానుకున్నాడు.

"నీ కోసమే కదే."

"తెలుసు. అందుకే తిడదామన్నా నోరు రావట్లేదు."

కిటికీ ఊచ పట్టుకుని లేచి మంచం అంచుకు మారింది. ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చోలేదు. లేవాలనుకున్నప్పుడల్లా ఊచ పట్టుకుంటుంది. ఒక్కసారి ఊపిరి బిగబడుతుంది. ఆ ఊపిరి అతనికి పని గదిలోకి వినపడుతుంది. మూడు రోజులు విన్నాడు. నాలుగో రోజు చిత్రిక కింద పెట్టి పాస్టరుగారి ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు.

"ఇంత చిన్నదానికి కుమిలిపోతారా బాబాయ్?" అన్నారాయన. "మనం ధర్మశాస్త్రం కింద లేం. ఎవరి మనసులో నిశ్చయించుకున్నంత వాళ్లివ్వాలన్నాడు అపొస్తలుడు. పుదీనాలో, జీలకర్రలో పదోవంతు తూచి ఇచ్చి, కనికరం వదిలేసినవాళ్లని ప్రభువే కోప్పడ్డాడు. కుర్చీ ఉంచుకోండి. పిన్నిగారికి నేను చెప్పానని చెప్పండి."

అతను సగం పరుగుతో ఇంటికొచ్చి చెప్పాడు. ఆమె ఓపిగ్గా విన్నది.

"కనికరం వదలొద్దన్నాడు, నిజమే. ఆ వెంటనే పదోవంతూ మానొద్దన్నాడు. అయ్యగారు జాలిపడి సగం దగ్గర ఆపేశారు."

"నువ్వు బాధపడుతుంటే దేవుడికి సంతోషమా?"

"కాదు," అంది. "చూడు. నలభై ఏళ్లలో మందిరానికి వెళ్లిన కుర్చీలన్నీ నువ్వు చేసినవి. చెక్క నీది, చెమట నీది. నేనిచ్చింది ఒక్క మాట. నాదంటూ ఇచ్చింది అదొక్కటే. నా మీద ప్రేమతోనే దాన్ని తీసేసుకున్నావ్."

అతను వెళ్లి కుర్చీ మీది దుమ్ము తుడిచాడు. దుమ్ము లేదు.

శనివారం దాన్ని భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దగ్గర కాలు తగిలింది.

"పది," అంది ఆమె లోపలి నుంచి.

దారిలో అతనికి ఒక ఆలోచన తట్టింది. మూడో వరస చివర, కిటికీ పక్కన పెడితే సరి. ఇచ్చినట్టూ ఉంటుంది, వారం వారం ఆమె కూర్చున్నట్టూ ఉంటుంది. తెలివైనవాడినే అనుకుంటూ అక్కడ పెట్టి వచ్చాడు. రేపు నాతో రావాలని ఆమెను బతిమాలి ఒప్పించాడు.

ఆదివారం నాలుగు వీధులు నడవడానికి ముప్పావు గంట పట్టింది. రెండు చోట్ల అరుగుల దగ్గర ఆగారు. మందిరంలోకి వెళ్లేసరికి పాట మొదలైంది. కిటికీ పక్క కుర్చీలో బట్టలకొట్టు ఆయన కూర్చుని ఉన్నాడు. వీపు పూర్తిగా వెనక్కి ఆన్చి, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పరిచి.

వడ్రంగి అటు అడుగు వేశాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"ఆగు."

"నీ కొలతకి చేసిన కుర్చీ అది."

"ఇచ్చేశాం కదయ్యా."

అతని భుజం మీద బరువంతా వేసి, పక్క వరసలో పొట్టి కుర్చీలోకి మెల్లగా దిగింది.

పాస్టరుగారు ఆ రోజు ఎవరెంత ఇవ్వాలన్నది చెప్పలేదు. మూడేళ్లకోసారి విడిగా తీసిపెట్టమన్న పదోవంతు గురించి చెప్పారు. దాన్ని తమ గుమ్మాల్లోనే ఉంచాలి. సొంత పొలం లేని లేవీయుడూ, పరదేశీ, తండ్రిలేని బిడ్డా, విధవరాలూ వచ్చి తిని తృప్తిపడాలి. వచ్చినవాణ్ణి నువ్వెలాంటివాడివని అడగమని ఎక్కడా రాసిలేదు అన్నారు.

ఆరాధన అయ్యాక బట్టలకొట్టు ఆయన వడ్రంగిని పిలిచాడు.

"ఇది నీ చేతిదేనా? నడుము పట్టేసి మూడు వారాలుగా ఎక్కడా సరిగ్గా కూర్చోలేకపోతున్నాను. ఇవాళే మనిషిలా కూర్చున్నాను. ఎంతకిస్తావ్?"

"అమ్మడానికి నాది కాదండి."

"మరెవరిది?"

"దశమభాగం అన్నయ్యగారూ," అంది ఆమె తన చోటి నుంచి. "హాయిగా ఉందా?"

ఆయన సగం లేచాడు. నడుము కలుక్కుమంది. మళ్లీ కూర్చున్నాడు. "ఉందమ్మా," అన్నాడు, చాలా చిన్నగా.

వెనక్కి నడుస్తున్నప్పుడు ఎండ ముదిరింది. ఆమె అతని చెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. సగం దారిలో ఆగింది.

"నాకు ఇంకోటి చెయ్యవా?"

"రేపే మొదలుపెడతాను."

"ఈసారి చేతులు కాస్త కిందికి పెట్టు."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఎత్తయ్యాయా?"

"ఓ అంగుళం. కాసేపు కూర్చుంటే భుజాలు లాగేసేవి."

"మరి నోరు విప్పి చెప్పలేదేం?"

"పదిహేను రోజులు చేశావ్. నీ మొహం చూశాక నోరు రాలేదు."

జేబులో టేపు లేదు. వీధి మధ్యలోనే వంగి, ఆమె మోచేతి నుంచి తుంటి దాకా తన జానతో కొలిచాడు. మధ్యలో ఆమె నవ్వడంతో చెయ్యి కదిలిపోయి, మళ్లీ మొదటి నుంచి కొలవాల్సి వచ్చింది.