వైరు కలపని మోటారు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినవాణ్ణి. ఏ మిషన్ దానంతట అది కదిలినా, ఓపిగ్గా వెతికితే ఎక్కడో ఒక తప్పు వైరు దొరుకుతుంది. ఈ ఒక్కసారే దొరకలేదు.

మా పెద్దన్న ఛత్రినాకలో ఇంటి వెనక రేకుల షెడ్డులో మిల్లింగ్ మిషన్ నడిపేవాడు. చేత్తో హ్యాండిళ్లు తిప్పి ఇనుము చెక్కే పాత మిషన్. రెండు వేల సంవత్సరం దాటాక పనులన్నీ కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లకు పోయాయి. ఆ బెంగతోనే అన్న గుండె ఆగి పోయాడు.

వదిన మాత్రం మిషన్‌ను వదల్లేదు. అన్న పక్కన నిలబడి పని నేర్చుకున్న మనిషి. "దీనికి కంప్యూటర్ పెట్టియ్యి తమ్మీ, నేను నడుపుకుంట. ఒకల మీద పడి తినుడు నాతోని కాదు," అంది. ఆ షెడ్డు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

సెలవు రోజుల్లో పని మొదలుపెట్టాను. నయాపూల్ చుట్టుపక్కల తిరిగి తిరిగి కంప్యూటర్ చెప్పినట్టు తిరిగే ఒక పాత సర్వో మోటారు, దాన్ని నడిపే డ్రైవ్ పెట్టె సంపాదించాను. కట్టర్‌ను తిప్పే స్పిండిల్‌కు మోటారును బెల్టుతో తగిలించాను.

మా నడిపన్నకు ఇది గిట్టలేదు. అన్న చావుకు చుట్టంలా వచ్చిపోయినవాడు, ఇప్పుడు రోజూ దిగడం మొదలుపెట్టాడు. "ఆడమనిషి మిల్లింగ్ నడుపుతదా? నలుగురు నవ్వుతరు. మిషన్ తీసేసి షెడ్డు కిరాయికిద్దాం," అని ఒకటే లొల్లి.

ఒక ఆదివారం పొద్దున పాత ఇనుము కొనే భాయ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. మిషన్ బాగానే ఉందని చూపించడానికి కట్టర్ పెట్టి, స్పిండిల్ నెత్తిమీది బోల్టును పానాతో బిగించాడు. పానా తీయకుండా అలాగే వదిలేసి పోయాడు. మోటారు తిరిగితే ఆ పానా ఎగిరొచ్చి ఎదురుగా ఉన్నవాళ్ల తల పగలగొడుతుంది. కింద కూర్చుని వైర్లు బిగిస్తున్న నేను దాన్ని చూడలేదు.

మధ్యాహ్నానికి పని ముగింపుకొచ్చింది. మోటారు వైర్ల కొనలు ఇంకా గాలిలోనే ఉన్నాయి, డ్రైవ్‌కు కలపలేదు. డ్రైవ్‌కు అప్పటిదాకా కరెంటే ఇవ్వలేదు. పైగా ఏరియా మొత్తానికి కరెంటు పోయింది. మిషన్ ఎదురుగా వదిన నిలబడి నాకు టార్చిలైటు పట్టింది.

అప్పుడు స్పిండిల్ తిరిగింది. మెల్లగా, వెనక్కి, పావు చుట్టు. పైనున్న పానా బెల్టు మూతకు ఠంగుమని తగిలింది. తలెత్తి చూస్తే పానా ఇంకా బోల్టుకే ఉంది. ఆ చప్పుడే లేకపోతే వైర్లు కలిపి, కరెంటు రాగానే స్విచ్ వేసేవాణ్ణి. వదిన అక్కడే ఉండేది.

పానా తీసేసి అంతా వెతికాను. స్పిండిల్ నిలువుగా ఉంటుంది కాబట్టి పానా బరువుకు తిరగదు. బెల్టు బిగుతుగా ఉంది, చేత్తో తిప్పాలన్నా బలం పెట్టాలి. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఇద్దరిలో ఎవరి చెయ్యీ దాని మీద లేదు.

వదిన ఏడ్చింది, భయంతో కాదు. "ఆయన ఈడనే ఉన్నడు తమ్మీ. ఇగ నాకేం ఫికర్ లేదు," అంది.

ఆ మాట గోడ అవతల కిరాయివాళ్ల చెవిన పడింది. సాయంత్రానికి గల్లీ అంతా పాకింది. నడిపన్నకు కావలసింది అదే. పెద్దమనుషులను వెంటేసుకొచ్చి, "దయ్యం పట్టిన మిషన్ ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న? రేపు ఎవలకన్న ఏమన్నయితే జిమ్మేదారి ఎవరిది?" అని నిలదీశాడు.

"పానా మర్చిపోయింది నువ్వే కదనే!" అని అరిచాను.

"సరే, నేనే మర్చిపోయిన. మరి తిప్పిందెవరు? చెప్పు, నువ్వు ఎలక్ట్రీషియన్‌వి కదా."

మిషన్ తీసెయ్యాల్సిందేనని పెద్దమనుషులు తేల్చారు. అక్కడే ఓడిపోయాం.

వారం తిరక్కుండానే మిషన్‌ను ముక్కలుగా విప్పి ట్రాలీ ఆటోలో తీసుకుపోయారు. షెడ్డు కిరాయి నడిపన్న తింటున్నాడు, సిగ్గు లేకుండా. వదిన ఉస్మాన్‌గంజ్‌లో ఒక సేటు దగ్గర ఎండుమిర్చి తొడిమలు తీసే పనికి కుదిరింది. సాయంత్రం ఇంటికొచ్చి, మంట తగ్గేదాకా చేతులు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటుంది.

ఆ మోటారు ఎందుకు తిరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. అన్నే తిప్పాడని వదిన నమ్మకం, నేను వాదించను. కానీ అన్నే అయితే, పెళ్లాం ప్రాణం నిలబెట్టి, ఆమె బతుకుదెరువు తీసుకుపోయినట్టే కదా. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాదు.