ఎడమ పక్క సీటు

మా ఊరి ఫ్యాక్టరీల పేట తట్టాంచావడిలో పాత కార్లు అమ్మే సెల్వం షెడ్డు వెనకాల, రేకుల నీడలో నిలబెట్టిన ఆ నల్ల అంబాసిడర్ ముందు తలుపు తీయగానే వేడెక్కిన రెగ్జిను, పెట్రోలు, సీటు లోపలి కొబ్బరిపీచు, ఉప్పుగాలికి మెత్తబడిన మ్యాట్టు, అన్నీ కలిసిన వాసన ఒకటి నా మొహాన కొట్టింది. కరెంటాఫీసు ఉద్యోగం నుంచి రిటైరై ఏడాదైంది. అప్పట్నుంచీ నాలుగు తలుపుల పాత కారొకటి కొనుక్కుందామని నేను ఇంట్లో పోరు పెడుతుంటే, మా ఆయన మునిరత్నం ఎక్కడో వాకబు చేసి నన్ను అక్కడికి తీసుకొచ్చారు. ముందు సీటు ఈ కొస నుంచి ఆ కొస దాకా బెంచీలాగా ఒకటే. గేరు కర్ర స్టీరింగు పక్కనే. మా నాయన కారు అచ్చం అట్లాగే ఉండేది.

ఒక చుట్టు తిప్పి చూపిస్తానని సెల్వం స్టీరింగు పట్టుకున్నాడు. నేను ఎడమ పక్క కూర్చున్నాను, ఆయన వెనక కూర్చున్నారు. ఫ్యాక్టరీల మలుపు తిరిగామో లేదో, నా నోరు దానంతట అదే అనేసింది: "ఎడమ పక్క సైకిలు." ఇంకాస్త దూరం పోయాక, "ఎడమ పక్క ఆవు." సెల్వానికి తెలుగు కొంచెం తెలుసు. నవ్వి, "నాకు కళ్లు బాగానే ఉండాయక్కా" అన్నాడు తమిళంలో. వెనక నుంచి మా ఆయన ముందుకు వంగి, "ఏంది లలితా, ఎవరికి చెప్తా ఉండావు?" అని అడిగారు.

ముప్ఫై ఏళ్లు దాటిన కాపురంలో ఆ సంగతి ఆయనకు ఒక్కసారి కూడా చెప్పి ఉండలేదు. షెడ్డుకు తిరిగొచ్చాక, సాయంత్రం ఇంకొకరు చూడటానికి వస్తున్నారని, ఆలోపల మాట చెప్పమని సెల్వం టీ తాగడానికి పోయాడు. నేను మాత్రం కారు దిగలేదు.

మా నాయన బాడుగ కారు నడిపేవాడు. రైల్వే స్టేషను దగ్గర వేపచెట్టు కింద నాలుగైదు కార్లు నిలబడే స్టాండులో మాది మూడోది. తెల్లారకముందే లేచి, బావిలో నీళ్లు చేది, ఆవును కడిగినట్టు దాన్ని కడిగేవాడు. బానెట్టు మీద కొబ్బరినూనె గుడ్డతో రుద్ది, అద్దం ముందున్న చిన్న అమ్మవారి పటానికి రెండు మల్లెలు పెట్టి, బేకరీ నుంచి వేడి రొట్టె వాసన వీధిలోకి వచ్చే వేళకు స్టాండులో ఉండేవాడు. ఏంబలం పల్లె రైతులు పెళ్లికూతుర్ని తేవడానికి పిలిస్తే, తిరిగొచ్చేటప్పుడు కారు వెనక డబ్బాలో వేరుశనక్కాయల మూట, చెరకు గడలు, మట్టి అంటిన తోటకూర కట్టలు ఉండేవి. అవి మా ఇంటికే కాదు, వీధిలో నాలుగిళ్లకు చేరేవి. కారు ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు దాని నీడలో మేం ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల గళ్లు గీసుకునేవాళ్లం, వానొస్తే నాలుగు తలుపులూ వేసుకుని లోపల వామనగుంటల పీట పెట్టుకునేవాళ్లం. అమ్మ కేకేసేదాకా మాకు ఆకలి తెలిసేది కాదు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక పొద్దున, గడప మీద కూర్చున్న నాయనకు కాఫీ లోటా ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. నేను ఆయన ఎడమ పక్కన నిలబడి ఉన్నాను. వేళ్లు కాలుతున్నా లోటా చాచి అట్లాగే ఉన్నాను. చివరికి "నాయనా" అంటే ఉలిక్కిపడి తల మొత్తం నా వైపు తిప్పాడు. నా మొహం చూసి నాకు అర్థమైపోయిందని గ్రహించినట్టున్నాడు.

"ఈ పక్క పొద్దు మునిగిపోయింది పాపా" అన్నాడు, ఎడమ కన్ను మీద చెయ్యి పెట్టుకుని. "అమ్మకు చెప్పొద్దు. చెప్తే కారు తియ్యనియ్యదు."

ఆ వారం నుంచే నేను ముందు సీట్లో ఎడమ పక్క కూర్చోవడం మొదలైంది. సెలవు రోజుల్లో, బడి వదిలాక సాయంత్రాల్లో, దూరం బాడుగలన్నింటికీ నేను ఉండాల్సిందే. బిడ్డకు కారంటే మహా ఆశ అని ఎక్కినవాళ్లకు చెప్పేవాడు. నేను కిటికీ పక్క నుంచి చూస్తూ చెప్పేదాన్ని: ఎడమ పక్క సైకిలు, ఎడమ పక్క ముసలాయన, ఎడమ పక్క గుంత, ఎడమ పక్క ఏం లేదు పో నాయనా. మాది తమిళం మాట్లాడే ఊరు, ఎక్కినవాళ్లు ఎక్కువమంది తమిళులు. మా ఇంటి తెలుగు వాళ్లకు అర్థమయ్యేది కాదు. పిల్ల ఏదో పాట పాడుకుంటోందనుకునేవారు. ఒకావిడ నా బుగ్గ గిల్లి కమ్మర్‌కట్టు మిఠాయి చేతిలో పెట్టింది కూడా. బడిలో ఒక్క అక్షరమైనా నేర్పని ఆ భాష, నేను పెద్దయ్యాక గానీ రాయడం నేర్చుకోని ఆ భాష, ఏడాదిపాటు మా ఇద్దరికీ అన్నం పెట్టింది.

నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండేది. నాయన చెయ్యి స్టీరింగు మీద, నా మాట రోడ్డు మీద. నేను లేకపోతే కారు కదలదని అనుకునేదాన్ని.

తమిళుల ఆడి నెలలో వీరాంపట్టినం అమ్మవారి తేరు. ఆ నెలంతా మా వీధిలో రాగి అంబలి కాచి పోసేవారు. చిన్నుల్లిపాయ, ఎండుచేపల వేపుడు నంజుకుని తాగుతుంటే చెవుల వెంబడి చెమట కారేది. తేరు నాటి మధ్యాహ్నం ఒక కుటుంబాన్ని తిరునాళ్లకు తీసుకెళ్తున్నాం. ఊరి మొదట్లోకి రాగానే జనం, వేపాకు తోరణాలు, బూర ఈలలు, గాజుల బండ్లు. నాయన నడక కంటే మెల్లగా పోనిస్తున్నాడు. అప్పుడు కుడి పక్క, నాయన భుజం మీదుగా, తేరు కనపడింది. పూలతో, రంగు గుడ్డలతో, కొబ్బరిచెట్ల తలలకు పైన ఊగుతూ వస్తోంది. నేను సీటు మీద మోకాళ్లేసి లేచి దాన్నే చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు.

కుండ పగిలిన చప్పుడైంది. బానెట్టు మీద అంబలి చింది అద్దం మీద కారింది. ఎడమ పక్క రోడ్డు మీద ఒక ముసలామె పడి ఉంది. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని మూలుగుతోంది.

జనం మూగారు. ఒకతను నాయన చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. తాగినావా అని అరిచాడు. నాయన చేతులు జోడించి, అంతమందిలో, గట్టిగా చెప్పేశాడు: "తాగలేదు. నాకు ఎడమ కన్ను కనపడదు. కనపడకుండానే నడుపుతా ఉన్నాను. తప్పు నాదే." అరుపులు ఇంకా పెరిగాయి. కింద పడిన ఆమె పేరు అంజలై. లేచి కూర్చుని, నొప్పితో పళ్లు బిగించి, "వదలండిరా వాణ్ని, ముందు నన్ను ఆస్పత్రికి తీసుకుపోండి" అంది.

స్టాండులో మా పక్కన కారు పెట్టే ఏకాంబరం మామ, మాలాగే తెలుగాయన, అక్కడికే బాడుగ తెచ్చి ఉన్నాడు. మా కారెక్కినవాళ్లు దిగిపోయాక, నాయన తాళంచెవి మామ చేతిలో పెట్టి, తను వెనక సీట్లో అంజలైని పట్టుకుని కూర్చున్నాడు. నేను నా చోట్లోనే ఉన్నాను. దారంతా ఎడమ పక్క ఏవేవో వస్తూనే ఉన్నాయి. నేను నోరు తెరవలేదు.

మణికట్టు విరిగింది, ప్రాణానికి ఏం కాలేదు. ఇంటికొచ్చాక నాయన అమ్మకు అన్నీ చెప్పాడు. అమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగి ఒక్క మాట అంది. "నాకు చెప్పుంటే ముందర నేను కూర్చునేదాన్ని కదా. పసిబిడ్డను కూర్చోబెట్టినావే."

నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాయన నన్ను బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి రాళ్ల మీద కూర్చోబెట్టాడు. "తేరొస్తే ఎవరైనా చూస్తారు పాపా. నువ్వు చూసింది తప్పు గాదు. నిన్ను చూడమనింది నా తప్పు" అన్నాడు. నేను తలూపాను, కానీ నమ్మలేదు. ఆయన మళ్లీ ఎప్పుడూ స్టీరింగు ముట్టుకోలేదు. అంజలై చెయ్యి అతికేదాకా వారం వారం వీరాంపట్టినం బస్సులో పోయి చూసొచ్చేవాడు. కారు అమ్మేశాక ఇదే తట్టాంచావడిలో ఒక చిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని పనిచేశాడు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే పోయాడు. ఆయన కారు నేను పోగొట్టాననే మాట నాలో ఉండిపోయింది. ఈ పాత కారు కొనాలనే పట్టుదల అందుకేనేమో.

సెల్వం ఇంకా రాలేదు. నేను బెంచీ సీటు మీద మెల్లగా కుడి పక్కకు జరిగాను. నాయన కారులో ఎన్ని వందలసార్లు కూర్చున్నానో గానీ, స్టీరింగు వెనకాల ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడి నుంచి ఎదురుగా చూశాను. ఆ పొడుగాటి బానెట్టుకు అవతల, ఎడమ చక్రం పక్కన నేల కనపడలేదు. కారుకు ఎదురుగా నిలబడ్డ మా ఆయన నడుం నుంచి పైకే కనపడ్డారు. నావి రెండూ మంచి కళ్లు. అయినా అంతే. సీటు మీద కాళ్లు నేలకు అందని పిల్ల, కిటికీ అంచు పట్టుకుని, ఏడాదిపాటు ఎవరికీ దెబ్బ తగలకుండా ఆ కారుకు ఎట్లా దారి చెప్పిందా అని మొదటిసారి ఆశ్చర్యపోయాను. దాని మీద నాకు జాలేసింది. యాభై ఏళ్లుగా దాన్ని నేను తిడుతూనే ఉన్నాను.

మా ఆయన కిటికీ దగ్గరికొచ్చి, "ఏందంటావు? తీసుకుందామా?" అన్నారు.

"వద్దులెండి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. సెల్వానికి మాట చెప్పి రోడ్డెక్కాం.

ఇప్పుడు స్టేషను దగ్గర ఆ వేపచెట్టు లేదు, కింద కార్లు లేవు. అక్కడంతా అద్దె స్కూటర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఏకాంబరం మామ పిల్లలు ఇంట్లో తమిళమే మాట్లాడుకుంటారు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. కారు వెనక డబ్బాలో తోటకూర తెచ్చేవాళ్లు లేరు, వీధిలో నాలుగిళ్లకు పంచేవాళ్లూ లేరు.

బస్సులో కిటికీ సీటు నాకిచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. మా నాయన గురించి మొదలుపెట్టి, కాఫీ లోటా నుంచి తేరు దాకా, దిగాల్సిన స్టాపు దాటిపోయినా ఆపకుండా చెప్పాను. ఆయన అంతా విని, "అప్పుడు నీకెన్నేళ్లు?" అన్నారు.

"తొమ్మిది."

"తొమ్మిదా" అన్నారాయన. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నారు.