జింబుల్ తియా తినని వడ

మా ముంగిలి చుట్టూ తొమ్మిది గదులు, తొమ్మిది సంసారాలు. మధ్యలో ఒక బోరింగు. అందరికీ కలిపి ఒకే వంటిల్లు. టర్కీ రేవు పట్నం ఇజ్మిర్‌లో మా యూదులుండే వాడంతా ఇలాగే ఉండేది. అలాంటి చోట రహస్యం దాచుకోవడం మహా కష్టం. నాలాంటి మనిషి కోడలిగా వచ్చాక మరీ కష్టం. వచ్చిన ఏడాదిలోపే ఎవరి మొగుడు గురక పెడతాడో, ఎవరి సబ్బు ఎవరి చేతుల్లో అరుగుతోందో అంతా తెలుసుకున్నాను. ఒక్క విషయమే అంతుచిక్కలేదు. కొత్త సంవత్సరం పండగ రాత్రి జింబుల్ తియా తను చేసిన ప్రాసా వడ తను ఎందుకు తినదు?

తియా అంటే పిన్ని. చుట్టరికం ఉన్నా లేకపోయినా పెద్దావిడని అలాగే పిలుస్తాం. జింబుల్ తియాకి యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. పన్నెండో ఏట అంజీర గోదాములో పనికి చేరింది. పండుని రెండు వేళ్ళతో నొక్కి, చదును చేసి, పెట్టెలో పేర్చడం ఆవిడ పని. సాయంత్రం ఇంటికొచ్చి మంచాన పడిన తల్లికి స్నానం చేయించేది, అన్నీ చూసుకునేది. తల్లి పోయేదాకా ఇదే బతుకు. అంజీరాలు నొక్కిన ఆ వేళ్ళ మహిమేమో, ఆవిడ తట్టిన వడలు పక్కపక్కన పెడితే ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి.

ప్రాసా ఉల్లికాడకి పెద్దక్క లాంటిది. మోచేయంత పొడుగు, పొరపొరకీ ఇసుక. దాన్ని కడిగి, తరిగి, ఉడికించి, నీళ్ళు పిండి, కాస్త మాంసం కైమా, గుడ్డు, నానబెట్టిన రొట్టె కలిపి వేయిస్తే మా పండగ వడ. వసంతంలో పులియని రొట్టెల పండగకి ఆ రొట్టెతోనే చేసినప్పుడు జింబుల్ తియా నిమ్మకాయ పిండుకుని తనే నాలుగు లాగించేది. సెప్టెంబరులో కొత్త సంవత్సరానికి మాత్రం ఒక్కటీ ముట్టదు. ఇంకో వింత, ఆ రాత్రి వడల్లో ఎప్పుడూ ఉప్పు తక్కువే. వసంతంలో కుదిరే చెయ్యి శరదృతువులో ఎందుకు తప్పుతుందని నేను రెండో ఏటే ఆలోచనలో పడ్డాను.

ఆ రాత్రి ముంగిట్లో బల్లలన్నీ కలిపి వేస్తారు. మా మామగారు పుస్తకం చూస్తూ ఒక్కో వంటకానికీ ఒక్కో కోరిక చదువుతారు. యాపిల్ మురబ్బాకి ఏడాదంతా తియ్యగా గడవాలని. దానిమ్మకి మన పుణ్యాలు ఆ గింజలన్ని కావాలని. ప్రాసా వంతు వచ్చేసరికి, దాని పేరు హీబ్రూలో తెగడం అన్న మాటలా వినపడుతుంది కాబట్టి, మన పగవాళ్ళు తెగిపోవాలని. అందరూ ఆమెన్ అని వడ కొరుకుతారు. సరిగ్గా అప్పుడే జింబుల్ తియాకి నీళ్ళో నిమ్మకాయో గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మా అత్తగారిని అడిగాను.

"పంటినొప్పేమో," అంది.

"నాలుగేళ్ళుగా అదే రాత్రికి వస్తుందా పంటినొప్పి?"

"నీకు వేరే పనేం లేదా అమ్మాయ్?"

పనులు చాలానే ఉన్నాయి. కానీ ఏదైనా బుర్రలో పడితే తేలేదాకా నాకు ముద్ద దిగదు.

బల్లకి ఇంకో చివర ఆవిడ సొంత అక్క ఎస్త్రేయా కూర్చునేది. ఉండేది ఎదురుగదిలోనే. మొగుడి పేరు మెర్కాదో. రేవులో హమాలీ, నేను ఆ ఇంటికి రాకముందే పోయాడు. అక్కాచెల్లెళ్ళ మధ్య పదకొండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ అమ్మ పోయాక పెద్ద రాగి పెనం చిన్న కూతురికి వచ్చింది. "పెనం కోసమేగా అమ్మకి అన్ని సేవలు చేశావు!" అని ఎస్త్రేయా పదిమందిలో అనేసింది. అంతే. తర్వాత ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో నేను ఉండాల్సిందే.

"లూనా, బోరింగు కింద బకెట్టు ఎవరిదో తియ్యమను."

"లూనా, నిండాక తీస్తారని చెప్పు. ఖాళీ బకెట్టు మోసే అలవాటు మాకు లేదని కూడా చెప్పు."

ఇద్దరూ నాకు చెరో పక్క, నాలుగడుగుల దూరంలో నిలబడే ఈ మాటలు. ముందు నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత విసుగొచ్చేది.

అది పంతొమ్మిది వందల నలభై తొమ్మిది. మా వాడలో సగం మంది ఇశ్రాయేలు వెళ్ళే ఓడలెక్కేశారు. ఎస్త్రేయా కూడా కూతురి కుటుంబంతో పండగలయ్యాక బయల్దేరుతోంది. జింబుల్ తియాని రమ్మని కూతురు అడిగితే, "నేనొస్తే ఇక్కడ అంజీరాలు ఎవరు నొక్కుతారు?" అంది. అంటే ఒకే ముంగిట్లో ఇద్దరికీ ఇదే ఆఖరి కొత్త సంవత్సరం. ఒక్క మాటైనా మాట్లాడుకోకుండానే విడిపోతారా అని ముంగిలంతా గుసగుసలు. నాకైతే మరీ దిగులు. ఆ ఇద్దరి మాటలూ మోసింది నేనే మరి.

పండగ ముందురోజు మధ్యాహ్నం జింబుల్ తియా నన్ను పిలిచింది. అంజీరాల కాలం కదా, మణికట్లు వాచి ఉన్నాయి.

"ఏమే లూనా, కాస్త ప్రాసా పిండిపెట్టు. నాకు పట్టు చాలట్లేదు."

ఎగిరి గంతేసి వెళ్ళాను. ఉడికిన ప్రాసా గుప్పెట్లోకి తీసుకుని పిండుతుంటే ఆకుపచ్చ నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి.

"ఇంకా పిండు. ఒక్క చుక్క ఉన్నా నూనెలో విచ్చిపోతుంది."

"తియా, పండగ రాత్రి నువ్వు వడ ఎందుకు తినవు?"

"చేతులు ఆడించు, నోరు కాదు."

ఆడించాను. ఆవిడ అన్నీ కలిపి, తట్టి, మొదటి వడ ఒక్కటే రాగి పెనంలో వేసింది. మొదటిది ఉప్పు చూడటానికి. బంగారు రంగు తిరగ్గానే తీసి నా ముందు పెట్టింది.

"చూడు."

"నాకు జలుబు. రుచేం తెలీట్లేదు," అన్నాను. పచ్చి అబద్ధం. "నువ్వే చూడు తియా."

వడని పెదాల దాకా తెచ్చింది. మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ పండగ వడల్లో ఉప్పెందుకు ఉండదో. వండే మనిషి రుచి చూడటం లేదు!

పెనం పొయ్యి మీంచి దించింది. తర్వాత తనే మొదలుపెట్టింది.

"అమ్మ పోయిన ఏడు. ఆ బల్ల దగ్గరే. మీ మామ పగవాళ్ళు తెగిపోవాలి అనగానే అక్క మొహంలోకి చూస్తూ వడ కొరికానే. మనసారా ఆమెన్ అన్నాను. ఆ చలికాలంలోనే మెర్కాదో బావ పోయాడు."

చేతికంటిన ముద్ద గిన్నె అంచుకి రాసింది.

"నేను అనుకుంది అక్కని. తెగింది ఆయన ప్రాణం. పాపం, బావ నాకేం చేశాడు? గోదాము నుంచి ఆలస్యంగా వస్తే నా బకెట్టు కూడా తనే నింపిపెట్టేవాడు. అప్పట్నుంచీ ఈ పండగకి చేసిన ప్రాసా నాలిక మీదికి రానివ్వను. మళ్ళీ ఎవరిని తలుచుకుంటానో, నా మనసు మీద నాకే నమ్మకం లేదు."

"ఆవిడకి చెప్పెయ్యొచ్చు కదా తియా?"

"ఏమని? నీ మొగుణ్ణి నా నోటితో చంపానని చెప్పనా? నువ్వు ఎక్కడైనా వాగావో, ఈ పెనంతోనే వాయిస్తా."

గంటసేపు దాచాను. నా జీవితంలో అంతసేపు ఏ మాటా దాచలేదు.

ఎస్త్రేయా తన గదిలో పెట్టెకి తాడు కడుతోంది. ఊరికే సాయం చెయ్యడానికి వచ్చినట్టు తాడు ఒక కొస పట్టుకున్నాను.

"తియా, రేపు రాత్రి ప్రాసా తినేటప్పుడు నువ్వెవర్ని తలుచుకుంటావు?"

"ఇంటి ఓనర్ని. ఇంకెవర్ని? అయినా దాని వడలు తినడమే ఒక శిక్ష. పదకొండేళ్ళుగా నా మీద కోపంతో ఉప్పు లేకుండా పెడుతోంది. పండగ పూట కూడా పగే."

ఇక నా వల్ల కాలేదు. మొత్తం కక్కేశాను.

ఎస్త్రేయా తాడు వదిలేసి పెట్టె మీద కూర్చుంది.

"ఆయన రక్తం కక్కుతున్నాడే పిల్లా," అంది. "అమ్మ పోకముందు నుంచీ. రెండేళ్ళు. తెలిస్తే రేవులో పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు." ఉన్నట్టుండి గొంతు పెంచింది. "దాని నోటికే అంత మహత్యముంటే ఇంటి ఓనరు ఈపాటికి ఎప్పుడో పోయేవాడు కదే!"

నేను నవ్వబోయాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. "పో ఇక్కణ్ణించి," అంది. కొంప ముంచానని భయపడుతూ బయటపడ్డాను.

మర్నాడు పొద్దువాలాక బల్లలు వేశారు. చాలా కుర్చీలు ఖాళీ. మామగారు మురబ్బాకి చదివారు, దానిమ్మకి చదివారు. వడల పళ్ళెం ముందుకొచ్చింది. జింబుల్ తియా ఎప్పటిలాగే కుర్చీ వెనక్కి జరిపింది.

"కూర్చో."

అన్నది ఎస్త్రేయా. నేరుగా, నన్ను మధ్యలో పెట్టకుండా. గిన్నెలో గరిట ఆడించేవాళ్ళు కూడా ఆగిపోయారు. ఆవిడ ఉప్పు గిన్నె పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిచొచ్చింది. చెల్లెలి కంచంలో ఒక వడ వేసి దాని మీద ఉప్పు చల్లింది.

"పదకొండేళ్ళుగా చెబుదామనుకుంటున్నా. వీటిలో ఉప్పు లేదు. ఇంకో మాట. ఆయన్ని తీసుకుపోయింది దగ్గు. నువ్వు కాదు. రెండేళ్ళు రక్తం కక్కాడు. నీకు చెప్పకపోవడం నా తప్పు."

జింబుల్ తియా నా వైపు చూసింది. పెనంతో కొట్టినా అంత తగిలేది కాదు. తర్వాత అక్క వైపు తిరిగింది.

"మరి ఇప్పుడు ఎవర్ని తలుచుకుని తినను?" అంది చిన్నపిల్లలా.

"ఆ ఓడని తలుచుకో. అది తెగితే నేనిక్కడే పడుంటాను."

జింబుల్ తియా దిగ్గున లేచి అక్క నోరు అరచేత్తో మూసేసింది.

"నోర్ముయ్! నువ్వెక్కబోయే ఓడని పట్టుకుని పండగ పూట ఏం మాటలే అవి!"

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎస్త్రేయా తీసెయ్యలేదు. చెల్లెలి వేళ్ళ మీద నుంచి ఆవిడ కన్నీళ్ళు కారుతున్నాయి. మామగారు పుస్తకంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఇద్దర్నీ చూసి, చదవకుండా పేజీ తిప్పేశారు. జింబుల్ తియా రెండో చేత్తో వడ తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"ఉప్పు ఎక్కువేశావు," అంది.

"నీకు ఏది వేసినా వంకే!"

ఆ రాత్రి నుంచి ఓడెక్కే రోజు దాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. దుప్పటి మడత గురించి, తాడు ముడి గురించి, పదకొండేళ్ళ బాకీ అంతా. నాకు పని లేకుండా పోయింది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

రేవులో ఓడ కదిలాక నేనూ జింబుల్ తియా వాలు వీధి ఎక్కుతూ వస్తున్నాం. ఆవిడ ఏడవలేదు. ఇల్లు చేరాక వంటింటి గోడకి చూస్తే మేకు ఖాళీగా ఉంది.

"తియా! పెనం ఏదీ?"

"అక్క పెట్టెలో, దుప్పట్ల అడుగున పెట్టాను. దానికి తెలీదు."

"అయ్యో! అక్కడ విప్పి చూసుకుని ఎన్ని తిట్లు తిడుతుందో!"

"తిట్టనీ," అంది బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటూ. "తిట్టడానికైనా ఉత్తరం రాస్తుందిగా."

ఆవిడకి చదువు రాదు. ఉత్తరమొస్తే చదివిపెట్టాల్సింది నేనే. అందుకని పోస్టుమాన్ కోసం గుమ్మంలో ఆవిడ ఒక పక్క, నేను ఒక పక్క నిలబడేవాళ్ళం.