మందారపువ్వుకు అమ్మిన గంగాళం

నన్ను నమ్మే మనిషి ఈ భూగోళం మీద ఒక్కతే ఉండేది. మా మేనత్త, మా బాపు అక్క. మిగిలిన చుట్టాలందరూ నా మీద ఎప్పుడో తీర్పు రాసి, సంతకాలు చేసి, లక్కముద్ర కొట్టి పెట్టుకున్నరు. పెండ్లికి పోతే నా చేతికి పూలదండల సంచి కూడా ఇయ్యరు, ఏ చాయ్ హోటల్లోనో మరిచి వస్తనని. అత్త మాత్రం సిరిసిల్లలో ఆ గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే మాట చెప్పుకుంట తిరిగేది: "మా అల్లుని ఇంట్ల వస్తువు వెడితె బ్యాంకు లాకర్ల వెట్టినట్టే." ఆ గల్లీ నిండా సాంచెలే, అంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా ఎవరికీ వినబడది. అత్త మాట మాత్రం సాంచెల చప్పుడు మీదినుంచి ఎగిరి, మానేరు దాటి, కరీంనగర్‌లో నా చెవిన పడేది.

ఆ ఒక్క సర్టిఫికెట్టును నేను పద్దెనిమిది వందల రూపాయలకు అమ్ముకున్న. పార్సిలు ఖర్చు కూడా నాదే.

మొదలెట్ల అయిందంటే, ఇరవై రెండేండ్లు ఒక సోఫాల దుకాణంలో పని చేసిన. సోఫా ఎంత మెత్తగుంటదో నిలబడి చెప్పే ఉద్యోగం. ఒకనాడు సేటు నా భుజం మీద చెయ్యేసి, "అన్నా, జర కొన్ని దినాలు ఇంటికాడ ఆరాం తీస్కో" అన్నడు. ఆ కొన్ని దినాలు ఇంకా అయిపోలే.

ఆరాం తీస్కుంట ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. నల్లద్దాలు పెట్టుకొని, ఎవరిదో కారుకు ఒరిగి నిలబడ్డ పిలగాడు వేలు చూపిస్తుండు: "మీ ఇంట్లోనే ఒక బంగారు గని ఉంది. మీరు దాని మీదే కూర్చున్నారు." లేచి చూసిన. కాలు పగిలిన ప్లాస్టిక్ కుర్చీ ఉన్నది. ఫోటో తీసి, పాత సామాన్లు అమ్ముకునే యాపులో పెట్టిన. గంట తిరగకముందే మిర్చి బజ్జీల బండాయన వచ్చి నూటయాభై చేతిలో పెట్టి కుర్చీ ఎత్తుకపోయిండు. ఆ గంట నుంచి నేను మామూలు మనిషిని కాదు, అంతర్జాతీయ వర్తకుణ్ని. నేల మీద కూచున్న వర్తకుణ్ని అనుకోండి.

వారంలో టేబుల్ ఫ్యాను పోయింది. కూలరు పోయింది. మూత లేని మిక్సీ పోయింది, మూత విడిగా పోయింది. మా ఇంటామె, అంటే నా భార్య, తువ్వాల భుజాన వేసుకొని నా ముందర నిలబడ్డది.

"తానానికి పోతున్న. బయటికి వచ్చేదాంక జర ఆ తలుపు అమ్మకయ్యా."

ఇంట్లో సరుకు అయిపోవస్తుంటే, చవకలో కొని ప్రియంగా అమ్మాలనే రెండో పాఠం మొదలుపెట్టిన. ఆసిఫాబాద్‌లో ఒక లాడ్జి మూతపడ్డదని తెలిసి మొదటి బస్సుకే పోయిన. లాడ్జి ఓనరు సగం తెలుగు, సగం మరాఠీ. "భావూ, ఇసొంటి అద్దాలు మళ్ల దొరకయి" అన్నడు. నిజమే చెప్పిండు. పదకొండు అద్దాలు కొన్న. ఒక్కో అద్దం అంచుకు ఆ గదిలో దిగిన ఆడోళ్లు అంటించి పోయిన బొట్టుబిళ్లలు, ఎర్రయి, నల్లయి, మెరిసేయి. వాటిని లెక్కబెడితే లాడ్జి చరిత్ర మొత్తం రాయొచ్చు. అద్దాలకంటె ఆటో కిరాయి ఎక్కువైంది. "ఎన్నో ముఖాలు చూసిన పురాతన అద్దాలు" అని యాపులో పెడితే, నెల రోజులలో ఒక్కరు అడిగిన్రు: "బిళ్లలు ఫ్రీయేనా?"

అద్దాలన్నీ గోడలకు తగిలించిన. దానితోటి ఇంట్లో ఎటు చూసినా ఉద్యోగం లేని మనిషే. పదకొండు మంది.

గంగాళం మీద నా కన్ను పడ్డది అప్పుడే.

అది మా పెండ్లికి అత్త పెట్టిన ఇత్తడి గంగాళం. బస్సు టాపు మీదికి ఎక్కించడానికి ఆరుగురు మగోళ్లు, ఒక కండక్టరు పట్టిన్రు. మానేరు డ్యాము నీళ్లన్నీ పోసినా పైన చెయ్యి కడుక్కునే జాగా మిగిలేది. అత్త రెండేండ్లు సాంచెలకు నూలు కండెలు చుట్టి, గిన్నెల దుకాణంలో వారం వారం చీటీ కట్టి కొన్నది. అంచు మీద సుత్తితోటి చుక్కలు చుక్కలుగ తన పేరు, మామ పేరు, తారీఖు కొట్టిచ్చింది. మా దిక్కు పేరు కొట్టియ్యకుండ పెడితే పెట్టినట్టే కాదు. అంత గంగాళంలో మేము ఇన్నేండ్లు దాచిన నిధి ఏందంటే ఉల్లిగడ్డలు, ఒక విరిగిన గొడుగు.

"అత్తకు తెలిస్తె?" అన్నది మా ఇంటామె.

"అత్తకు యాప్ అంటె ఏందో ఎరుకేనా? ఫోనే ఉల్టా పట్టుకొని మాట్లాడుతది."

పేరును గోడ దిక్కు తిప్పిన. వంటింటి గుమ్మానికున్న నీలంగళ్ల పరదా గంగాళం వెనక మంచిగ కనబడేటట్టు నిలబడి ఫోటో తీసిన. "భారీ గంగాళం. కొత్త లెక్కనే ఉంటది. ఆరు వేలు" అని రాసిన. మూడు వేలకు తగ్గేది లేదని గుమ్మం మీద చెయ్యి పెట్టి ఒట్టు కూడా పెట్టుకున్న.

రెండోనాడు పొద్దున ఒకరు అడిగిన్రు. పేరు లేదు, ముఖం లేదు, ఎర్ర మందారపువ్వు బొమ్మ మాత్రం ఉన్నది. ఆ యాపులో రాయడానికి బద్ధకించేటోళ్ల కోసం తయారు చేసి పెట్టిన ప్రశ్న ఒకటి ఉంటది. నొక్కితే చాలు, పోతది. అదే వచ్చింది.

"ఇది ఇంకా ఉందా?"

"ఉంది మేడం" అని కొట్టిన. పువ్వు పెట్టుకున్నోళ్లు మేడమే అయి ఉంటరని నా వ్యాపార జ్ఞానం.

"నాలుగు వేలు."

సోఫాల దుకాణంలో నేర్చిన విద్య ఒకటి ఉన్నది. గిరాకి ధర తగ్గించంగనే ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టాలె. ఫోన్లో ముఖం కనబడదాయె. "ఐదు" అన్న.

"సొట్ట ఉన్నదా?"

"చిన్నది మేడం."

"మూడున్నర. ఎవలు పెట్టిన్రు మీకు?"

ఇది బేరంలో ఎవరూ అడగని ప్రశ్న. అయినా గిరాకి దేవునితోటి సమానం. "ఎవ్వరు పెట్టలే మేడం, మేమే కొనుక్కున్నం" అని కొట్టిన.

మందారపువ్వు సగం దినం పలకలే. సందె వేళకు మళ్ల టింగుమన్నది.

"పేరేమన్న కొట్టిచ్చి ఉన్నదా?"

"అబ్బే. అంచుకు ఒక చిన్న గీత. తోమితే పోతది."

మళ్ల చప్పుడు లేదు. తెల్లారినా లేదు. గిరాకి చెయ్యి జారిందని నాకు పరేషాన్. పదకొండు అద్దాలలో పదకొండు మంది నన్ను చూసి తలలు పట్టుకున్నరు. నేనే దిగిన: "రెండున్నరకు ఇస్త మేడం."

"పద్దెనిమిది వందలు."

వీధిలో అరుసుకుంట తిరిగే పాత సామాన్లాయన తూకానికి కూడా అంతకు డబుల్ ఇచ్చేటోడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా వేళ్లు నన్ను అడగకుండనే కొట్టినయి: "సరే మేడం, మీ కోసం."

"పార్సిలు ఖర్చు?"

"నాదే మేడం."

పెద్దపల్లి బస్టాండుకు పంపుమన్నది. గోనెసంచిలో కుట్టి బస్సులో వేసిన. ఇంటికొచ్చి, ఉల్లిగడ్డలు నేల మీద పొర్లుతుంటే వాటి నడుమ కూసోని మొదటిసారి పెద్ద వ్యాపారం చేసినందుకు చాయ్ తాగిన.

చాయ్ అరగకముందే అత్త ఫోను.

"అల్లుడా, సోమవారం అక్కడ కండ్లు సూపెట్టుకునేది ఉన్నది. ఆదివారమే వస్త. గంగాళం జర తోమి వెట్టుండ్రి. దాని పక్కపొంటి కూసోని ఫోటో దిగాలనున్నది."

ఫోను పెట్టేసి మా ఇంటామె దిక్కు చూసిన. ఆమె అంతకుముందే కొంగు నడుముకు చుట్టి, నన్ను ఏ మూల నుంచి తిట్టుడు మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నది.

"లాకర్‌వి గదా! తాళం తీసి సూపియ్యి!"

గతి లేక మందారపువ్వుకు రాసిన. తయారుగ ఉన్న ప్రశ్నే నొక్కిన: "ఇది ఇంకా ఉందా?"

"ఉంది."

"రెండున్నర ఇస్త, వాపస్ ఇయ్యుండ్రి మేడం."

"ఎందుకు?"

"మా ఇంటామె ఒకటే ఏడుస్తుంది మేడం."

పక్కనుంచి తొంగి చూస్తున్న మా ఇంటామె అన్నది: "నేనెప్పుడు ఏడ్సిన? నా ఏడుపు గూడ అమ్మకానికి వెట్టినవా?"

మూడు వేలన్న. నాలుగన్న. శనివారం సందెకు ఒకటే జవాబు వచ్చింది: "చిన్న గీత ఉన్నదంటిరి. మస్తు తోమిన. పోతలేదు."

అప్పుడన్నా నా బుర్రలో దీపం వెలగాలె. వెలగలే. చెప్పిన గదా, చుట్టాలందరూ ఎప్పుడో తీర్పు రాసిన్రని.

ఆదివారం పది గంటలకు అత్త దిగింది. వెంట మనుమరాలు. ఆ పిల్ల పెద్దపల్లిలో ఒక దావఖానలో నర్సు. ఈ ముక్క కూడా నా బుర్రకు తాకి, లోపలికి పోకుండ పక్కకు పడ్డది. అత్త ముందరి గదిలో నిలబడి గోడలన్నీ ఒకసారి చూసింది.

"సెలూను వెట్టినవా అల్లుడా?"

"లేదత్తా, వ్యాపారం."

"నడుస్తుందా?"

"పరుగెత్తుతుంది."

చాప మీద కూచున్నది. చాయ్ అందుకున్నది. గంగాళం మాట ఎత్తలే. ఎత్తకపోవుడే నాకు ఇంకా భయం. చక్కెర తెస్తనని వంటింట్లోకి పోయి, పరదా చాటుకు నిలబడి ఫోన్ తీసిన.

"మేడం, ఆరు వేలు" అని కొట్టిన.

ముందరి గదిలో టింగుమన్నది.

ఏ ఫోనో అనుకున్న. "ఎనిమిది వేలు మేడం, దండం పెడుత" అని కొట్టిన.

మళ్ల టింగు.

మెల్లగ పరదా పక్కకు జరిపి చూసిన. పదకొండు అద్దాలలో పదకొండు మంది అత్తలు. పదకొండు చేతులలో పదకొండు ఫోన్లు. ఒక్కటి కూడా ఉల్టా లేదు.

మనుమరాలు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నది. అత్త నవ్వలే. నా చేతిలో ఉన్న పరదా దిక్కు చూసింది.

"ఈ పిల్ల ఫోన్ల సూపెట్టంగనే గుర్తు వట్టిన, గా పరదా బట్ట మా సాంచ మీదిదే. మీ గృహప్రవేశానికి నేనే తెచ్చిన. పేరునైతే గోడకు తిప్పినవు. దీన్ని ఎటు తిప్పుతవురా?"

"అత్తా, అది..."

"ఆరు వేలని పెట్టినవు. నాలుగంటె వద్దంటవు అనుకున్న. మూడున్నరంటె తిడుతవు అనుకున్న. నువ్వు ఏడ వద్దంటవో ఆడ ఆగుదామని అడుక్కుంట పోయిన. నువ్వు ఆగనియ్యకపోతివి."

పరదా వదిలేసి వచ్చి చాప కొసకు కూచున్న.

"రేటు పోనియ్యి, పని లేనోనివి, తిప్పలున్నయి. నాకు ఫోన్ చేసి అత్తా, అమ్ముకుంట అంటె అమ్ముకో అందును. గని చిన్న గీత అంటివి సూడు." గ్లాసు కింద పెట్టింది. "నేనూ మీ మామా, చిన్న గీత."

మామ పోయి అప్పటికి నాలుగేండ్లు. ఆయన పేరు సిరిసిల్లలో ఇప్పుడు కరెంటు బిల్లు మీద, నా గంగాళం మీద మాత్రమే ఉన్నది.

మా ఇంటామె వచ్చి అత్త పక్కన కూచున్నది. నా పక్కన ఎవరూ కూసోలే. అత్తే అడిగింది:

"ఎనిమిది వేలంటివి. ఉన్నయా నీ తాన?"

"లేవు."

"మరెట్ల ఇద్దువు?"

"బేరమాడుదువు గదా అని..."

ముందు మా ఇంటామె నవ్వింది. అత్త కూడా నవ్వింది, గని అది నన్ను మాఫ్ చేసిన నవ్వు కాదు, చాయ్ మంచిగుంటే వచ్చే నవ్వు. సోమవారం డాక్టరు ఆమె కండ్లు చూసి, ఈ వయసుల ఇంత చూపు నేనెక్కడ చూడలే అన్నడట. ఆ సంగతి నాకు ఒక దినం ముందే తెలుసు.

పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఒక అద్దం కట్టియ్యి" అన్నది.

"నీకెందుకత్తా?"

"నాకు గాదు. మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు సూసుకుందువు."

ఎర్ర బిళ్లలు ఎక్కువున్న అద్దం కట్టిచ్చిన. పైసలు తీసుకోలే. అన్ని అద్దాలలో పోయింది అదొక్కటే.

పది దినాలు అత్త ఫోన్ చేయలే. ఆ పది దినాలు సిరిసిల్ల దిక్కునుంచి లాకరు మాట ఎవరి నోటా రాలే. పదకొండోనాడు యాపు తెరిచి, మందారపువ్వును వెతికి, కొత్తగ ఏం రాయాల్నో తోచక ఆ తయారుగున్న ప్రశ్నే నొక్కిన.

"ఇది ఇంకా ఉందా?"

సందెకు టింగుమన్నది.

"ఉన్నది. ఆదివారం వచ్చి తోమి పో."

అప్పటినుంచి నెలకు ఒక ఆదివారం సిరిసిల్లకు పోతున్న. సాంచెలు ఆ దినం బంద్. గల్లీ అంతా సప్పుడు చేయకుండ ఉంటది కాబట్టి అత్త తిట్లు అందరికీ స్పష్టంగ వినబడుతయి. వాకిట్లో గంగాళం ముందర నన్ను కూసోబెట్టి, తాను మంచం మీద కూసోని వేలు చూపిస్తది. ఎదురుంగ గోడకు నా అద్దం ఉన్నది. పక్కింటామె ఎవరని అడిగితే, "మా అల్లుడే. అమ్మినదాన్ని తోముతుండు" అంటది. లాకరు మాట ఇంకా అనలే.

"గా అక్షరాల సందుల నల్లగనే ఉన్నది. చింతపండు వెట్టి గట్టిగ రుద్దు."

రుద్దుతున్న. అత్త పేరుకు నలభై ఆరు చుక్కలు, మామ పేరుకు యాభై మూడు.