కడ్డీ మీద రెండు గీతలు

పొద్దున గుడ్లు స్టవ్ మీద పెట్టి మరిచిపోయాను. నీళ్ళు ఇగిరిపోయి, గుడ్లు పగిలి, వంటిల్లంతా గంధకం వాసన నిండింది. మా ఆవిడ కిటికీలు తెరుస్తూ ఏదో అంటోంది. నేను ఆ వాసనలో అలాగే నిలబడిపోయాను. కాల్చిన తుపాకీ గొట్టాన్ని వేడినీళ్ళతో కడిగినప్పుడు లేచే వాసన సరిగ్గా ఇదే. అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో, దేవదానం గారింటి బేస్‌మెంట్‌లో శనివారం సాయంత్రాలు మేమిద్దరం ఆ పని చేసేవాళ్ళం. ఆయన గొట్టాన్ని బల్బు వైపు ఎత్తి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూసేవారు. "అవతలి వెలుగు కనిపించాలి ప్రసాద్. కనిపించలేదంటే మనం కడగనట్టే" అనేవారు. పై నుంచి ఆయన భార్య సుగుణమ్మ ఆంటీ కేక వినిపించేది. "రేపు గుడికి ఈ కుళ్ళు గుడ్ల కంపుతోనే వస్తారా ఇద్దరూ? పాస్టర్ గారు ప్రార్థన ఆపేస్తారు!"

దేవదానం గారు ఈ మధ్యనే పోయారు. మా తెలుగు చర్చి సంఘం వాళ్ళు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఒక కుర్రవాడు మైకు తీసుకుని, "అంకుల్ యంగ్ డేస్‌లో ఒక గన్ డిజైన్ చేశారంట. టెస్ట్ చేస్తే అదే పేలిపోయిందంట. అప్పుడే దేవుడు ఆయన్ని గన్స్ మానేసి సండే స్కూల్ చూసుకోమన్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించే ఇదంతా రాస్తున్నాను. ఆ తుపాకీ పేలిపోయిన రోజు పొలంలో ఉన్న ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. కూడిక అయ్యాక ఆయన కూతురు రూత్ నా కారు దగ్గరికి వచ్చింది. తనూ ఇంజనీరే. "అంకుల్, డాడీ గన్ ఎందుకు బ్రేక్ అయింది? డిజైన్ రాంగా? యు వర్ దేర్ కదా" అని అడిగింది. చలిగా ఉందనీ, తర్వాత మాట్లాడదామనీ చెప్పి కారెక్కాను.

ఎనభైల మధ్యలో చదువు ముగించి ఆ కంపెనీలో చేరాను. యంత్రాల విడిభాగాలు చేసే చిన్న షాపు. దాని యజమాని వేటగాడు. అక్కడ డిజైన్ విభాగమంటే దేవదానం గారు. నర్సాపురం వైపు మనిషి, లోహాల చదువు చదివి ఎప్పుడో అరవైల చివర్లో వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో స్టీలు స్కేలు. యజమాని ఆయనకి అప్పగించిన పని విన్నప్పుడు నాకు తల తిరిగింది. మూతిలోంచి మందు దట్టించే తుపాకీని కొత్తగా తయారుచేయాలి! అంటే మన వైపు నాటు తుపాకీ అంటామే, అది. తూటా ఉండదు. కొలిచిన మందు మూతిలోంచి పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి, పొడవాటి కడ్డీతో అడుగుదాకా నెట్టాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ మొదటి నుంచీ మొదలు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశంలో ఇదేం పనో నాకు బోధపడలేదు.

"ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఈ తుపాకీతో వేటాడేవాళ్ళకి విడిగా కొన్ని రోజులిస్తారు" అని ఆయన చెప్పారు. "ఒక్క దెబ్బే ఉండాలన్నది వాళ్ళ నియమం. ఆ ఒక్కటీ నమ్మకంగా పేలాలన్నది మన పని."

పాత రకంలో సుత్తి గొట్టానికి పక్కన ఉంటుంది. దీపావళి తుపాకీలో బిళ్ళలాంటి చిన్న రాగి టోపీని అది కొడుతుంది. అక్కడ పుట్టిన నిప్పు ఒక మలుపు తిరిగి మందుని చేరాలి. కాస్త చెమ్మ తగిలితే మలుపులోనే ఆరిపోతుంది. దేవదానం గారు ఆ మలుపు తీసేశారు. టోపీని మందుకి సూటిగా వెనక పెట్టారు. గొట్టం వెనక భాగాన్ని మరలున్న ఉక్కు బిరడాతో మూశారు. మేం దాన్ని ప్లగ్ అనేవాళ్ళం. కడిగేటప్పుడు ప్లగ్ విప్పితే గొట్టం ఆ చివర నుంచి ఈ చివరికి కనిపిస్తుంది. దేశంలో ఇంకొందరు కూడా అప్పుడు అదే దారిలో ఆలోచిస్తున్నారని తర్వాత తెలిసింది. మా ఇద్దరికీ మాత్రం అది ప్రపంచంలో మేమే చేస్తున్న పనిలా ఉండేది.

ఇంత చేసినా ఆయన వేటకి వెళ్ళేవారు కాదు. పెరట్లో ఆంటీ పెంచుకునే గోంగూర మీద జింకలు పడితే, పైజామా పైకి పట్టుకుని చప్పట్లు కొడుతూ తోలేవారు. "తుపాకులు చేసే మొగుడు చప్పట్లు కొడుతున్నాడు చూడండమ్మా" అని ఆంటీ చర్చి ఆడవాళ్ళకి చెప్పి నవ్వించేది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒకరోజు బెంచీ మీదున్న తుపాకీ చూపించి, "దీంట్లో మందుందా?" అని అడిగారు.

"లేదు సార్."

"ఎలా తెలుసు?"

"నేను వేయలేదు కదా సార్."

"నీ సంగతి నువ్వు చెప్పావు. తుపాకీ సంగతి ఎవరు చెబుతారు?" అంటూ కడ్డీని మూతిలోకి జారవిడిచారు. అది అడుగున తగిలి టంగుమంది. కడ్డీ మీద రెండు గీతలు చెక్కి ఉన్నాయి. గొట్టం ఖాళీగా ఉంటే పై గీత మూతి అంచుకి వస్తుంది. లోపల మందూ గుండూ ఉంటే కడ్డీ అంత కిందికి దిగదు, కింది గీత దగ్గరే ఆగుతుంది. "పైనుంచి ఎంత చూసినా తెలియదు. మనిషిని అడగకు, కడ్డీని అడుగు. నన్ను కూడా అడగకు" అన్నారు. అప్పటి నుంచి దట్టించే ముందొకసారి, దట్టించాక ఒకసారి కడ్డీ వేసి గీత చూడటం అలవాటైంది. ఎంత అలవాటైందంటే, చెయ్యి చేసే పనిని మనసు పట్టించుకోవడం మానేసింది. దాని అర్థం అప్పుడు నాకు తెలియలేదు.

ఆ వేసవిలో ఆంటీ అన్నగారు ఇండియా నుంచి వచ్చారు. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. దేవదానం గారికి బావ. ఆయన ఇంట్లో ఉంటే మౌనం అనేది ఉండదు. "ఏం బావా! మన ఏజెన్సీలో నాటు తుపాకీ దొరికితే పోలీసులు మక్కెలిరగదీస్తారు. ఇక్కడ దానికి కోటూ బూటూ వేసుకున్న ఇంజనీర్లా?" అని రోజూ ఏడిపించేవారు. దేవదానం గారు నవ్వి ఊరుకునేవారు. చివరికి ఒక శనివారం, "రండి బావా, మీరే కాల్చి చూద్దురు గాని" అని ఆయన్ని మేం పరీక్షలు చేసే పొలానికి తీసుకొచ్చారు. అరోరాకి పడమర, చుట్టూ మొక్కజొన్న, ఎదురుగా మట్టి దిబ్బ.

బావగారికి దట్టించడం నేర్పే పని నాది. మొదటిసారి ఆయన మందు పోసి, గుండు నెట్టి, చేతులు దులుపుకున్నారు. నేను అలవాటు ప్రకారం కడ్డీ వేసి గీత చూశాను. ఆయన ముఖం ముడుచుకుంది.

"ఏమయ్యా, నా మీద నమ్మకం లేదా?"

"అదేం లేదండీ, ఊరికే..."

"మా చెల్లెల్నే నమ్మి ఇచ్చాను మీ సార్‌కి. నేను వేసిన మందుని మీరు నమ్మరా?"

దేవదానం గారు అవతల లక్ష్యం కాగితాలు మారుస్తున్నారు. ఆయన దగ్గరుంటే నవ్వేసి, బావ మాటని పక్కన పెట్టి కడ్డీ వేయించి ఉండేవారు. నేను మాత్రం సిగ్గుపడ్డాను. తండ్రి వయసు మనిషి, మా సార్‌కి బావ. ఆయన చేసిన పనిని ఆయన ముందే తనిఖీ చేయడం నాకు చెంపదెబ్బ కొట్టినట్టు అనిపించింది. ఇక్కడి నుంచి నా జ్ఞాపకం చిక్కుపడుతుంది. బావగారు కొన్నిసార్లు కాల్చారు. మళ్ళీ దట్టిస్తుండగా దేవదానం గారు ఫ్లాస్కు తెరిచి టీకి పిలిచారు. తుపాకీని స్టాండులో పెట్టి వెళ్ళాం. పకోడీలు తిన్నాం. తిరిగొచ్చాక "మీది పేల్చేశారు కదండీ?" అన్నాను. "ఎప్పుడో పేలింది. నా భుజాన్ని అడుగు" అన్నారు. నాకూ పేలినట్టే గుర్తు. ఆ తర్వాత నేను మందు పోశాను, గుండు నెట్టాను. తుపాకీని దేవదానం గారి చేతిలో పెట్టాను.

పోసే ముందు కడ్డీ వేశానా? నెట్టాక గీత చూశానా? ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కింది గీత మూతి అంచున స్పష్టంగా కనిపిస్తుంది. టంగుమన్న చప్పుడూ వినిపిస్తుంది. కానీ అవి ఆ శనివారానివా, లేక అంతకు ముందు అన్ని శనివారాలవా? రోజూ ఒకేలా చేసిన పనికి ఒక రోజు గుర్తు విడిగా ఎక్కడుంటుంది?

దేవదానం గారు గురిపెట్టి పేల్చినప్పుడు వచ్చిన చప్పుడు ఎప్పటిలా లేదు. గొట్టం మధ్యలో చీలింది. దేవదానం గారి ఎడమ చెయ్యి సరిగ్గా ఆ కింద ఉంది. రుమాలు చుట్టి కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా బావగారు యేసయ్యా, యేసయ్యా అంటూనే ఉన్నారు. రెండు వేళ్ళు పోయాయి. మత్తు దిగాక నన్ను చూసి ఆయన మొదట అడిగింది తన చెయ్యి గురించి కాదు.

"ప్లగ్?"

"నిలబడింది సార్. మరలు కూడా చెడలేదు."

ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది. కాసేపటికి "నువ్వు ఆ కడ్డీ..." అన్నారు. ఇంతలో నర్సు వచ్చింది. నర్సు వెళ్ళాక నా వైపు చూసి, "ఏమన్నా తిన్నావా?" అన్నారు.

ఆయన పనిలోకి వచ్చాక యజమాని మా ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. చీలిన గొట్టం బల్ల మీద ఉంది. చీలింది మందు ఉండే చోట కాదు, దానికి ముందు. "ఒకదాని మీద ఒకటి రెండుసార్లు దట్టిస్తే ఇలా అవుతుంది" అని నా వైపు తిరిగాడు. "కడ్డీ వేసి చూశావా?" అప్పుడు నా గ్రీన్‌కార్డు కాగితాలు అదే కంపెనీ మీద నడుస్తున్నాయి. అయినా ఆ భయంతో అబద్ధం చెప్పానని కూడా ఖాయంగా చెప్పలేను. "చూశాను, ఎప్పుడూ చూస్తాం" అన్నాను. అన్న క్షణంలో నేను దాన్ని నమ్మాను.

దేవదానం గారు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత యజమానితో, "ప్రసాద్ చూశానంటే చూసినట్టే. లోపం స్టీలులో ఉండాలి. ఆ స్టీలు ఎంచింది నేను" అన్నారు.

మనిషిని అడగకు అని చెప్పిన మనిషి. నన్ను కూడా అడగకు అన్న మనిషి. ఆ రోజు నా మాటని తన లెక్కల కంటే పైన పెట్టారు. నిజంగా నమ్మారా? నా కాగితాల సంగతి గుర్తొచ్చిందా? బావ పేరు బయటికి రాకూడదనుకున్నారా? యజమాని తుపాకీ పని ఆపేశాడు. కొన్నాళ్ళకి అలాంటి తుపాకీలే వేరేవాళ్ళవి దుకాణాల్లో కనిపించసాగాయి. మా సంఘంలో మాత్రం దేవదానం గారి తుపాకీ అంటే పేలిపోయిన తుపాకీ. ఆయన కాదనలేదు. ఆదివారాలు మూడు వేళ్ళ మధ్య పాటల పుస్తకం పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేవారు.

చాలా ఏళ్ళకి ఒక చలికాలం, చర్చి పార్కింగ్‌లో ఆయన కారు అద్దం మీద మంచు గీకుతూ ధైర్యం చేశాను. "సార్, ఆ రోజు నేను కడ్డీ వేసి చూశాననే అనుకుంటున్నాను."

"అనుకోవడానికి కడ్డీ ఎందుకు నాయనా?" అన్నారు. అని నవ్వారు. వెంటనే నా టైర్లు అరిగిపోయాయనీ, మంచులో జారతాయనీ మొదలుపెట్టారు. అది చీవాటా, క్షమించడమా, లేక పాత పాఠాన్ని మళ్ళీ చెప్పడమా, నాకు ఇప్పటికీ తేలలేదు. "తెలియదు" అనే మాట ఆ యజమాని గదిలో నా నోటికి ఎందుకు రాలేదో, అదీ తేలలేదు.

ఈ రోజు గుడ్లు పారబోసి, గిన్నె తోముతుంటే మా ఆవిడ వెనక నుంచి "స్టవ్ ఆపారా?" అంది. నేనెప్పుడూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పను. వెళ్ళి మీట మీద చెయ్యి పెట్టి చూస్తాను. పెళ్ళైనప్పటి నుంచి అంతే, ఆమెకి అదో వేళాకోళం. చెయ్యి పెట్టి చూసి, అదే చేత్తో రూత్‌కి ఫోన్ చేశాను.

"ప్లగ్ నిలబడిందమ్మా. మీ డాడీ కొత్తగా చేసింది అదే, అది నిలబడింది. స్టీలు తప్పని ఎవరూ పరీక్షించి చెప్పలేదు. రెండుసార్లు దట్టించి ఉండొచ్చు. నేను చూశానని అప్పట్లో చెప్పాను. చూశానో లేదో నాకు తెలియదు."

రూత్ ఒక్కటే అడిగింది. "డాడీకి తెలుసా?"

"అదీ తెలియదమ్మా."

అవతల ఏదో తలుపు తెరిచిన చప్పుడు. "అంకుల్, అమ్మ లాండ్రీ రూమ్‌లో కర్టెన్‌కి ఒక రాడ్ పెట్టింది. డాడీది. దాని మీద రెండు లైన్స్ ఉన్నాయి. వాట్ ఆర్ దే?"

చెప్పాను. పై గీత ఏమిటో, కింది గీత ఏమిటో, ఒక్కొక్కటి ఎక్కడ ఆగాలో.

"సో లోపల ఏముందో అది చెప్పేస్తుందా?"

"అడిగితే చెబుతుందమ్మా" అన్నాను.