రేవతక్క ఒక్క రేసుకూ రాలేదు

కొండ దిగి అలిపిరి చేరే బస్సుల దగ్గర బ్రేకులు కాలిన వాసన వస్తుంది. మొన్న నాయన టాక్సీలో నేను ముందు సీట్లో ఉండగా ఆ వాసన గుప్పుమని లోపలికి కొట్టింది. నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. నేను రేసు కార్లు నడుపుతాను. ఈ సీజన్‌కు మాత్రం నా సీటు వేరొకరికి ఇచ్చారు కాబట్టి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడం నాకు చేతకాని పని. "ఏం పాపా, అట్ల తొక్కుతా ఉండావు? బండి నేను కదా తోల్తా ఉండేది" అన్నాడు నాయన. నవ్వాను గానీ, మనసు అప్పటికే చంద్రగిరి బైపాస్ పక్కనున్న రేవతక్క ట్రాక్ మీదికి పోయింది.

రేవతక్కను మీరు చూసి ఉండరు. బక్కపలచని మనిషి, కత్తిరించిన జుట్టు, టీ కూడా నడుస్తూనే తాగేది. చిన్నతనంలో మద్రాసు వెళ్ళి కార్టులు తోలింది. కార్టు అంటే నేలకు జానెడు ఎత్తున ఉండే చిన్న రేసు బండి. దాని తర్వాతి మెట్టు సింగిల్ సీటర్, ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనబడే కారు. ఆ మెట్టెక్కిన రెండో ఏడే ప్రమాదంలో మణికట్టు విరిగింది. ఎముక సరిగా అతకలేదు. ఊరికి తిరిగొచ్చి కార్టు ట్రాక్ పెట్టుకుంది. సెలవుల్లో సరదాగా వచ్చేవాళ్ళను పట్టించుకునేది కాదు. ఓడిపోతే ఏడ్చే పిల్లలు కనబడితే మాత్రం వదిలేది కాదు. నేను మొదటిరోజే ఏడ్చాను, అదీ కోపంతో.

"యాడ సూస్తా ఉండావు?" అని నా హెల్మెట్ మీద ఒకటి తట్టింది.

"ముందర పోయే బండినక్కా."

"దాన్నే సూస్తే దాని ఎనకాలే పోతావు మే. దాన్ని దాటినాక యాడికి పోవాల్నో ఆడ సూడు."

నాకప్పుడు పన్నెండేళ్ళు. కొన్నేళ్ళకు ఆ ట్రాక్ మీద నన్ను దాటేవాళ్ళు లేకుండా పోయారు. బయటి ఊళ్ళ పోటీల్లోనూ గెలుస్తూ వచ్చాను. గెలుపు అలవాటైతే మనిషికి భలే హాయిగా ఉంటుంది. రేవతక్క సింగిల్ సీటర్ మాట ఎత్తితే చాలు, వచ్చే ఏడు చూద్దాంలే అని దాటవేసేదాన్ని. అక్కడికి పోతే మళ్ళీ అందరికంటే వెనక ఉండాలి కదా. ఒకరోజు ఉదయం వెళ్ళేసరికి రేవతక్క గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"నువ్వింక ఈడికి రావద్దు. పిలకాయల్ని గెలిసి గెలిసి మొద్దుబారిపోతా ఉండావు. పో, పెద్ద బండెక్కు."

ఆ మాట నాకు కొరడాలా తగిలింది. ఆమె మీద కసితోనే మద్రాసు దగ్గర ఒక జట్టు పెట్టిన పరీక్షకు వెళ్ళాను. ఘాట్ రోడ్డు మీద టాక్సీ తోలే ఇంటి పిల్లను నేను. స్టీరింగ్ పట్టడం నాయన కారులోనే నేర్చుకున్నాను. అవతల కనబడని మలుపు వస్తే మా బొటనవేలు దానంతట అదే హారన్ మీదికి పోతుంది. కార్టులో నొక్కడానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ అలవాటు ఇన్నాళ్ళూ దాక్కుంది. సింగిల్ సీటర్ స్టీరింగ్ నిండా బటన్లే. గోడ చాటు మలుపు రాగానే నా వేలు ఒకదాన్ని నొక్కేసింది. అది కారును న్యూట్రల్‌లోకి దించే బటన్. కారు గిర్రున తిరిగి గడ్డిలో పడింది. జట్టువాళ్ళు పగలబడి నవ్వి, పోనీలే అని ఇంకొకసారి రమ్మన్నారు.

సిగ్గు చంపుకుని తిరిగి రేవతక్క గేటు దగ్గరికే వెళ్ళాను. కథంతా విని, "ఎదురుగా లారీ ఏమన్నా వచ్చిందా? పక్కకు జరిగిందా?" అని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత గేటు తీసి, నా బొటనవేళ్ళు రెండూ గుడ్డతో స్టీరింగ్ అంచుకు చుట్టించి, కొన్నాళ్ళపాటు ట్రాక్ మీద తిప్పింది. వేలు కదిలిందో, గట్టుమీది నుంచి అరిచేది. రెండో పరీక్షకు బయలుదేరే ముందు, "నువ్వూ రా అక్కా, నువ్వుంటే ధైర్యం" అని బతిమాలాను.

ఆమె నడక ఆపింది. "రాను. ఆ బండిలో ఇంగొకరు కూర్చోని ఉంటే నేను సూడలేను. నాకు కడుపు మండతాది పాపా. నువ్వైనా అంతే."

"మరి నాకెందుకు నేర్పిస్తివి?"

"మండితే మండనీ. దానికీ దీనికీ ఏం సంబంధం?" అని మళ్ళీ నడవసాగింది.

ఆ పరీక్షలో సీటు వచ్చింది. నాలుగేళ్ళు తోలాను, కొన్ని రేసులు గెలిచాను. ఆమె ఒక్కదానికీ రాలేదు. మరునాడు ఫోన్ చేసి, నేను తప్పుగా తిరిగిన మలుపుల గురించి మాత్రం అడిగేది. కడుపు మండుతుందన్న ఆమె మాట అప్పట్లో నాకు అర్థం కాలేదు, కొంచెం నొచ్చుకున్నాను కూడా. పోయిన వేసవిలో గుండెపోటుతో ఆమె పోయింది. ఈ ఏడు నా సీటు దక్కింది శ్రావణికి. నగరిలో మగ్గాల ఇంటి పిల్ల, అదే ట్రాక్ మీద రేవతక్క చివరగా తయారుచేసిన పిల్ల.

నిన్న మధ్యాహ్నం శ్రావణి ఫోన్ చేసింది. "అక్కా, మద్రాసు ట్రాక్ మూడో మలుపులో ఎనక చక్రాలు జారిపోతా ఉండాయి. నువ్వెట్ల తిప్పేదానివి?"

ఆ మలుపు నాది. అక్కడ బ్రేకు ఎప్పుడు వదలాలో కనిపెట్టడానికి నాకు ఒక సీజనంతా పట్టింది. తెలీదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ పిల్ల తడబడితే జట్టువాళ్ళు మళ్ళీ నన్నే పిలిచేవాళ్ళేమో. గొంతు దాకా వచ్చింది ఆ మాట. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ, ఎక్కడ తొక్కాలో, ఎక్కడ వదలాలో, చూపు ఎక్కడ నిలపాలో అంతా చెప్పాను. అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆమె సంతోషంగా ఫోన్ పెట్టేసింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.