లక్ష్మి పెళ్ళి కోసం గిద్దలూరు దాకా

కథలో పెళ్ళి ఆగిపోయిందని రైలెక్కిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

విశాఖలో ముప్పయ్యేళ్ళుగా కాపురం చేస్తున్నా నేను మార్కాపురం పక్క తర్లుపాడు మనిషినే. బ్యాంకులో రిటైరయ్యాక ఫోన్లో కథలు చదివే జబ్బు పట్టుకుంది. రాసేవాళ్ళంతా మామూలు మనుషులే, వంటకీ ఉద్యోగానికీ మధ్య రాసుకుంటారు. వాళ్ళలో 'నల్లపలక' పేరుతో ఎవరో రాసే 'మేకల దోవ' అంటే నాకు ప్రాణం. మేకలు కాసే లక్ష్మి, మేకల బేరగాడు శీను, వాళ్ళ కథ. అందులో అందరూ మా ఊళ్ళోలాగే "వచ్చినాడు", "అట్ల గాదు", "ఏందిమే" అనే మాట్లాడతారు. నేనలా మాట్లాడితే మా ఆయన నవ్వుతాడు. ఆ మాటలే తెర మీద కనబడుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి. ప్రతి భాగం కింద మొదటి కామెంటు నాదే. ఏ పండగొచ్చినా లక్ష్మి వాళ్ళమ్మ సేమియాలే వండుతుందేం, ఆవిడకి బొబ్బట్లు రావా అని ఒకసారి ఎగతాళి కూడా చేశాను.

పద్దెనిమిదో భాగంలో కొంప మునిగింది. మొదటినుంచీ "శీనన్నా" అని పిలుస్తున్న లక్ష్మి, అతన్నే చేసుకుంటానంది. ఇక చూడండి! "అన్నా అని పిలిచినవాడితో పెళ్ళా? ఛీ!" అని ఒకావిడ అందుకుంది. ఆవిడ వెనక అందరూ ఛీ ఛీ అంటూ తయారయ్యారు. నల్లపలక నాకు మెసేజి పెట్టింది: "ఆదివారం కథ మొత్తం తీసేస్తా పెద్దమ్మా. ఇంక రాయను." నేను రావచ్చా అని అడిగాను. చాలాసేపటికి, గిద్దలూరు బస్టాండు వెనక జాకెట్లు కుట్టే దుకాణం అని గుర్తులు పంపింది.

"నువ్వేమన్నా పెళ్ళిళ్ళ పేరయ్యవా?" అన్నాడు మా ఆయన.

"ఆడపిల్ల తరఫుదాన్ని," అని సంచి సర్దాను.

గుంటూరులో రైలు మారి, ఆదివారం పొద్దున పదింటికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. అదే రైల్లో కూర్చుంటే నేరుగా గిద్దలూరే. కానీ కథలో లక్ష్మి బస్సులో పోయిన రోడ్డు నేనూ చూడాలిగా! మీరు మాత్రం ఇలాంటి వెర్రి పని చేయకండి. ఆటోలో ఊళ్ళోకి పోయి, ఎర్రకారం దోసె తిని, నాలుక చుర్రుమంటుంటే పదకొండున్నర బస్సెక్కాను. ఊరు దాటాక పలకరాతి ముక్కల గుట్టలు కనబడ్డాయి. కిటికీ లోంచి తల బయటపెట్టి చూస్తే కండక్టరు కసురుకున్నాడు.

నా పక్క సీట్లో ఒకామె మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది నా సంచి పట్టీ నములుతుంటే మాట కలిసింది. నా ప్రయాణం సంగతంతా చెప్పాను.

"అన్నా అన్నంక మొగుడెట్లయితాడక్కా?" అందామె.

"ఏం, కాకూడదా?" అన్నాడు వెనక సీటు పెద్దాయన. "మన పక్క అందర్నీ అన్నా అనే గదా పిలిచేది! దుకాణమాయన అన్నే, డ్రైవరూ అన్నే. ఇంక పిల్లలెవర్ని చేసుకోవాల?"

కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. "నిజమే పెద్దాయనా. ఈ రూట్లో ఆడపిల్లలంతా నన్ను అన్నా అన్నా అని పిలిచే, ఇంతవరకూ నాకు పెళ్ళి కాలే," అన్నాడు. బస్సంతా గొల్లుమంది. మేకపిల్ల కూడా అరిచింది.

కంభంలో టీ తాగి, రెండింటికి గిద్దలూరులో దిగాను. మేకలు కాసే పిల్ల ఎదురొస్తుందని ఊహించుకుంటూ పోయాను. దుకాణంలో కుట్టు మిషను మీంచి లేచొచ్చినామెకు ముప్పయ్యేళ్ళుంటాయి. మెడలో టేపు, తల మీద చున్నీ.

"ఇంత దూరం వచ్చినావా పెద్దమ్మా! నేనే నల్లపలకను. నా పేరు షాహిదా."

ఆమె నీళ్ళిచ్చి, గోడవైపు చూస్తూ చెప్పింది: "మా ఆయన మా పెద్దమ్మ కొడుకు. నిఖా దాకా భాయ్ అనే పిలిచినా. కథలో భాయ్‌ని అన్న చేసినా. అదే నా కొంప ముంచింది."

నేను నెత్తి కొట్టుకున్నాను. పెద్దమ్మ కొడుకును చేసుకోవడం వాళ్ళలో మామూలే, తర్లుపాడులో మా పక్కింటి బీబమ్మదీ అలాంటి పెళ్ళే. భాయ్‌ను అన్న చేసి లక్ష్మి నోట పెట్టేసరికి పెద్ద తప్పయి కూర్చుంది. సేమియాల గుట్టు కూడా అప్పుడే తెలిసింది!

"మరి లక్ష్మి పేరెందుకు పెట్టావమ్మా?"

"తెలుగు కథంటే లక్ష్మే ఉండాలనుకున్నా. నేను బళ్ళో చదివిన కథల్లో మా ఇండ్లు యాడున్నాయి?"

ఇంతలో ఆమె భర్త ఖాదర్ బాషా వచ్చాడు. మేకల బేరగాడే. కామెంట్లన్నీ చదివాడట. "చూసినావా పెద్దమ్మా, ఊరూరోళ్ళు నన్ను ఛీ అంటాండారు," అని వాపోయాడు. "కథ తీసేస్తే ఆ ఛీ నాకే మిగుల్తాది. ఉండేది ఉన్నట్టు రాయమను."

"నిఖా అయినాక కూడా నోరు జారి భాయ్ అనేదాన్ని, మా అత్త చీపురు తీసేది. అది కూడా రాయాల్నా?" అంది షాహిదా.

"అదే ముందు రాయి!" అన్నాను.

ఆమె నవ్వింది. మళ్ళీ ముఖం ముడుచుకుంది. "లక్ష్మి కోసం వచ్చినోళ్ళు షాహిదా కోసం ఉంటారా?" అంది. నేను మాత్రం ఏం హామీ ఇవ్వగలను? "నేనుంటా" అన్నాను. బిర్యానీ పెట్టి, రైలెక్కించారు. రాస్తానని మాత్రం అనలేదు.

ఆరింటి రైలు. కంభం దాటాక సిగ్నల్ పోయింది. కథ ఉందో తీసేసిందో తెలియక ఫోన్ను రుద్దుతూ కూర్చున్నాను. చివరికి మా తర్లుపాడులో బండి ఆగినప్పుడు సిగ్నల్ తగిలింది. పంతొమ్మిదో భాగం!

"నా పేరు లక్ష్మి కాదు, షాహిదా. శీనన్న పేరు ఖాదర్ భాయ్. పండగనాడు మా ఇంట్లో సేమియాలెందుకు వండుతారో ఇప్పుడు చెప్తా."

అత్త చీపురు దాకా అంతా రాసేసింది. కింద చూద్దును గదా, మొదటి కామెంటు నాది కాదు. ఛీ అన్నావిడ నాకంటే ముందొచ్చి కూర్చుంది: "అయ్యో తల్లీ, ముందే చెప్పొద్దూ! చీపురు దెబ్బ తగిలిందా లేదా? తరువాతి భాగం త్వరగా." నాకు ఒళ్ళు మండింది, ప్రాణం కూడా లేచొచ్చింది.

మార్కాపురం రోడ్డు రాకముందే మా ఆయన ఫోన్ చేశాడు. "లక్ష్మి పెళ్ళి కుదిరిందా?"

"లక్ష్మి ఎవురు? షాహిదాకు ఎప్పుడో అయిపోయింది. నేను పోయినా, బువ్వ తిన్నా, వస్తాండా."

"ఏంటీ, పోయినావా?" అని ఎప్పట్లాగే నవ్వాడు.

"అవును. పోయినా," అన్నాను.